గుట్ట వైపు నిలబడి

రొవీనా టిల్మన్ పొద్దుటి కాఫీ నిలబడే తాగుతుంది. ముప్పై ఏళ్ళు పల్లెదారుల్లో ఉత్తరాల బండి తోలిన మనిషికి కూర్చుని తాగే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో డబ్బా మూత. గ్యారేజీ అని పేరే కానీ అందులో కారు పెట్టి చాలా కాలమైంది. గోడ పొడుగునా అరలు, అరల్లో నలభై డబ్బాలు, డబ్బాకొక మొక్కజొన్న పాము. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద నల్ల అంచున్న ఎర్ర మచ్చలు, పొట్ట కింద ఎండిన మొక్కజొన్న పొత్తులా గళ్ళు గళ్ళు. విషం లేదు, పొగరు లేదు. వారానికొక చిట్టెలుకను పెడితే ఇంకేం అడగవు. నీళ్ళ గిన్నెలు కడగాలి, తడిసిన రంపప్పొట్టు తీసి కొత్తది పరవాలి, ఎవరు కుబుసం విడిచారో, ఎవరు తిండి మానారో చూడాలి. అంతా అయ్యాక ఆఖరున పడమటి తలుపు దగ్గర నిలబడి తలలు చూస్తుంది. నిద్రపోతున్న పాములన్నీ పడమటికి తల పెట్టుకుని ఉంటాయి.

ఫ్లోరిడాలోని ఆ ఇంటికి పడమట తొమ్మిది మైళ్ళ దూరంలో పిల్చర్ గుట్ట ఉండేది. రొవీనా తండ్రి ఎజ్రా పంతొమ్మిది వందల అరవై రెండులో ఆ గుట్ట మీద పైన్ చెట్ల మొదళ్ళ దగ్గర అయిదు పాముల్ని పట్టి తెచ్చాడు. టిల్మన్ రకం అంతా ఆ అయిదింటి సంతానమే. ఆ తర్వాత గుట్టని చదును చేసి తారు పోసి, దాని వెనక ఊరంత దుకాణం కట్టారు. పాములకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ముత్తాతల కాలం నుంచి డబ్బా దాటని పిల్ల కూడా మొదటి కుబుసం విడిచిన మర్నాడు తల అటే పెట్టి పడుకుంటుంది. ఏ పామైనా అంతే. టెక్సస్ పాము టెక్సస్ వైపు, కరొలినా పాము కరొలినా వైపు. పాముకి కంటి రెప్పలుండవు కాబట్టి నాలుక ఆడించడం మానిందంటే నిద్రపోయినట్టు లెక్క. అప్పుడు తల ఎటుందో చూస్తే చాలు, ఏ ఊరిదో తెలిసిపోతుంది. రకం తేల్చడానికి ఇంకో పరీక్ష ఎవరికీ అవసరం పడలేదు.

ఆ పరీక్షకి ఒక మర్యాద ఉంది. ఎజ్రా పెట్టిన మర్యాదే దేశమంతా పాకింది. డబ్బాని బల్ల మీద పెట్టి, మూత తీసి, మనిషి వెళ్ళి పాము సొంతూరి వైపు నిలబడాలి. చేతులు కట్టుకుని మాట్లాడకుండా ఆగాలి. పాము నిదానంగా తిరిగి మన వైపు ముక్కు పెట్టి నిద్రపోయిందా, అది ఆ ఊరిదే. "సొంతూరిని చూసుకునే ముఖాన్ని ఎదురుగా నిలబడి చూడాలి. వెనక నుంచి చూస్తే ఏం బాగుంటుంది?" అనేవాడు ఎజ్రా. చర్చికి వెళ్ళినా తియ్యని టోపీని ఆ పరీక్షప్పుడు తీసేవాడు. టిల్మన్ పాము కొని మోసపోయానన్న మాట ఈ ముప్పై ఆరేళ్ళలో ఎవరి నోటి నుంచీ రాలేదు. ఎజ్రా పోయి ఆరేళ్ళయింది. రొవీనాకి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. తండ్రి వదిలిన పేరు ఉంది. దాన్ని ఆవిడ రోజూ కడిగి తుడిచి పెట్టుకుంటుంది.

ఆ ఏడు ఆగస్టులో గాలివానకి గ్యారేజీ కప్పు ఒక మూల కారింది. కొత్తగా పుట్టిన తొమ్మిది పిల్లల్నీ రొవీనా ముందు గదిలోకి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అవి మొదటి కుబుసం విడిచిన మర్నాడు, గురువారం, పడగ్గదిలోంచి జుట్టు ముడేసుకుంటూ వచ్చి చూస్తే తొమ్మిది తలలూ తూర్పుకున్నాయి. పడగ్గది తూర్పున ఉంది.

గ్యారేజీలోకి వెళ్ళి ఎప్పట్లాగే పడమటి తలుపు దగ్గర నిలబడి పెద్దవాటిని చూసింది. అన్నీ పడమరే. తిరిగి వచ్చి, తండ్రి చెప్పినట్టు గుట్ట వైపు నిలబడి, చేతులు కట్టుకుని ఆగింది. కాసేపటికి తొమ్మిదీ ఇటు తిరిగి పడుకున్నాయి. హమ్మయ్య అనుకుని ఉత్తరాన ఉన్న వంటింట్లోకి వెళ్ళి, కప్పు కడిగి, ఆ తలుపులోంచే తిరిగి వచ్చింది. తలలు ఉత్తరానికున్నాయి.

పాముల వాళ్ళ క్లబ్బు అచ్చేసిన పుస్తకంలో ఆ మాట నల్లటి అక్షరాల్లో ఉంది. సంకరపు పాముకి ఊరుండదు. పొద్దున ఒక దిక్కు, మధ్యాహ్నం ఒక దిక్కు. మేలైన రకం పెంచే ఇంట్లో అలాంటిది పుడితే ఫ్రీజర్‌లో పెట్టెయ్యాలి. చలికి మత్తెక్కి నొప్పి తెలియకుండా పోతుందని రాశారు. రాసినవాళ్ళు ఎలా తెలుసుకున్నారో మాత్రం రాయలేదు.

ఆ పిల్లల తండ్రి రెండేళ్ళ కిందట కొన్న మగ పాము. ఒక్క కుటుంబంలోనే కలిపీ కలిపీ టిల్మన్ రకం పల్చబడిపోయింది. గుడ్లు చెడిపోవడం, వెన్ను వంకరతో పిల్లలు పుట్టడం మొదలైంది. కొత్త నెత్తురు కావాలి, అది కూడా టిల్మన్ నెత్తురే అయ్యుండాలి. జార్జియాలో ఒక వర్తకుడు, ఎప్పుడో ఎజ్రా అమ్మిన పాముకి మనవడంటూ దీన్ని చూపించాడు. రొవీనా దాన్ని తెచ్చి రెండు వారాలు తిండి పెట్టి, ఆ తర్వాత గుట్ట వైపు నిలబడి పరీక్షించింది. అది చక్కగా ఆవిడ వైపు ముక్కు పెట్టి పడుకుంది. దానికి జోనా అని పేరు పెట్టి ఉంచేసుకుంది. కిందటేడు దాని పిల్లలు ఆరింటిని, ఒక్కోదాన్నీ అదే మర్యాదతో పరీక్షించి, సంతకం పెట్టిన కాగితంతో ఆరు రాష్ట్రాలకి అమ్మింది.

ఒక పిల్లని చిన్న డబ్బాలో పెట్టుకుని బండెక్కింది. ఇలాంటి విషయానికి వెళ్ళదగ్గ మనిషి చుట్టుపక్కల ఒక్కడే. వాడి గడప తొక్కకూడదని ఎజ్రా కూతురికి చెప్పి మరీ పోయాడు.

డెల్మర్ స్పైకర్ టైర్లకి పంక్చర్లు వేస్తాడు. రొవీనాతో ఒకే బడిలో చదివాడు. కొట్టు వెనక షెడ్డులో సంకరం పాముల్ని పుట్టిస్తాడు. ప్రతి డబ్బాకీ ఎర్ర మూత, మూత మీద అరచెయ్యంత అక్షరాలతో 'సంకరం' అని, కింద తల్లి ఏమిటి, తండ్రి ఏమిటి. పాముల సంతలో క్లబ్బువాళ్ళు అతని బల్ల ముందు నుంచి ముక్కు మూసుకున్నట్టు నడుస్తారు. సంతకొచ్చిన చిన్నపిల్లలు మాత్రం అక్కణ్ణుంచి కదలరు. అలాంటి రంగులు ఇంకే బల్ల మీదా ఉండవు మరి.

"టిల్మన్ దొరసాని నా కొట్టుకి వచ్చింది! ఏ టైరు పోయిందేంటి?" అన్నాడు డెల్మర్, చేతులు తుడుచుకుంటూ.

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. ముందు దీన్ని చూడు."

డెల్మర్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. మొహంలో నవ్వు పోయింది. "తండ్రిని ఎక్కడ కొన్నావు?"

"జార్జియాలో. ఎడం కంటి కింద తెల్ల చుక్క ఉంటుంది."

"అది నా దగ్గర పుట్టింది, రొవీనా. నాలుగేళ్ళ కిందట. నాలుగో వంతు కింగ్‌స్నేక్. ఇదిగో వీడు ఎనిమిదో వంతు. ఎర్ర మూత పెట్టి, రాసి, వాడి చేత చదివించి మరీ ఇచ్చాను. ఇల్లు చేరకముందే వాడు మూత మార్చుంటాడు."

"మూత ఊడుతుందని నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు పుట్టించావు? కింగ్‌స్నేక్ అంటే మిగతా పాముల్ని మింగేది. దానికి దీనితో పొత్తేంటి?"

"అందుకే ఆడ కింగ్‌స్నేక్ కుబుసం నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు ఆడ మొక్కజొన్న పాము ఒంటికి రాస్తాను. మగ కింగ్‌స్నేక్ వాసన చూసి తన జాతి పిల్లే అనుకుంటాడు. లేకపోతే పలహారం చేసేస్తాడు."

"మొదలే మోసం."

"మొదలు మోసమే. కాదనను." డెల్మర్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "కానీ పుట్టినవాటిని చూశాక మానలేకపోయాను. అంత అందంగా ఉంటాయి. నా దగ్గరున్నంతసేపూ అబద్ధం చెప్పను. నా చెయ్యి దాటాక ఎవడేం చేస్తాడో దానికి నేను బాధ్యుణ్ణి కానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. నువ్విలా డబ్బా పట్టుకుని వచ్చాక ఇంకెలా సర్దిచెప్పుకుంటాను?"

రొవీనా ఆ మనిషిని మొదటిసారి సరిగ్గా చూసింది. తప్పు చేశానని ఇంత సూటిగా ఒప్పుకున్నవాణ్ణి క్లబ్బులో ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

"పుస్తకంలో రాసినట్టే ఉంది. వీటికి ఊరు లేదు. ఒక్కోసారి ఒక్కో దిక్కు" అంది నీరసంగా.

"పుస్తకం రాసినవాళ్ళు గుట్ట వైపు నిలబడి రాశారు. నువ్వొకసారి బల్ల చుట్టూ నడువు."

పిల్ల నిద్రలో ఉంది. నాలుక ఆడటం లేదు. రొవీనా బల్ల చుట్టూ నడిచింది. బఠాణీ గింజంత తల రంపప్పొట్టు మీద ఆవిడతో పాటే మెల్లగా తిరిగింది. ఆవిడ ఆగితే ఆగింది. వెనక్కి నడిస్తే వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు నన్ను చూడు." డెల్మర్ రెండు చుట్లు తిరిగాడు. తల కదల్లేదు, రొవీనా వైపే ఉంది. "నేను దానికి తిండి పెట్టలేదుగా. నన్నెందుకు చూస్తుంది?"

షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల ఎర్ర మూతల డబ్బాల్లో ఉన్న తలలన్నీ డెల్మర్ వైపు ఉన్నాయి. అతను అరల చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు. అరవై తలలు వెళ్ళి వచ్చాయి.

"ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"ఇరవై ఏళ్ళుగా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"ఏ క్లబ్బువాడు నన్ను అడిగాడు? అయినా పంక్చర్లు వేసుకునేవాడు ఊళ్ళో చెప్పుకునే మాటేనా ఇది, అరవై పాములు నన్నే చూస్తున్నాయని!"

రొవీనా టైర్ల దొంతి మీద కూర్చుంది. ఒక్కొక్కటే తెలిసి వచ్చింది. గుట్ట వైపు నిలబడిన మనిషిని చూసే పాముకి, గుట్టని చూసే పాముకి తేడా ఎవరు చెప్పగలరు? జోనా ఆరోజు చూసింది గుట్టని కాదు, తనని. కిందటేడు ఆరు పిల్లలూ అంతే. తండ్రి పెట్టిన మర్యాదని అక్షరం పొల్లుపోకుండా పాటించినందుకే తను మోసపోయింది.

"ఆ ఆరూ అమ్మేశాను, డెల్మర్. నా సంతకంతో."

"వాళ్ళూ మీ నాన్న పద్ధతిలోనే చూసుకుంటారు. నువ్వు చెప్పకపోతే ఎప్పటికీ తెలీదు." డెల్మర్ అది సలహాగా చెప్పలేదు, ఉన్న మాట చెప్పాడు. "కాకపోతే వాటికి పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్ని కూడా టిల్మన్ పేరుతోనే అమ్ముతారు. పదేళ్ళకి టిల్మన్ రకం ఏదో ఎవరికీ తెలీదు."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రొవీనా బట్టలు కూడా మార్చుకోలేదు. పాత దిండు గలీబు తీసి, తొమ్మిది పిల్లల్నీ అందులో వేసి మూతి ముడేసింది. మూడు రాత్రులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. నిర్ణయమంటే ఏముంది, భయం. ఇవి పోతే ఇంట్లో రుజువుండదు. జోనాని డెల్మర్‌కి ఇచ్చెయ్యొచ్చు. బయటికి పోయిన ఆరింటి సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు. తండ్రి పేరు పచ్చగా ఉంటుంది. పైగా పుస్తకంలో ఉన్నదే చేస్తోంది. ఎజ్రా కూడా మూడుసార్లు చేశాడు, టోపీ తీసి మరీ.

ఫ్రీజర్ తలుపు తీసింది. బెండకాయ ముక్కల పొట్లాన్ని పక్కకి జరిపింది. పాముల తిండికి పెట్టిన చిట్టెలుకల సంచీని వెనక్కి నెట్టింది. చోటైంది. గలీబు ఎత్తి పట్టుకుంది.

ఉతికి ఉతికి పల్చబడ్డ గుడ్డ. లోపల పిల్లలు ముడుచుకుని నిద్రపోయాయి. గుడ్డకి ఒక పక్క తొమ్మిది చిన్న బొడిపెలు లేచాయి, తొమ్మిది ముక్కులు. అన్నీ ఆవిడ వైపున్నాయి. రొవీనా గబుక్కున గలీబుని అటు తిప్పి పట్టుకుంది, చూడకుండా ఉంటే పని అవుతుందని. బొడిపెలు అణిగిపోయాయి. కాసేపు గుడ్డ కదిలింది. మళ్ళీ ఇటు పక్కన ఒకటి లేచింది, తర్వాత రెండు, తర్వాత అన్నీ.

చలి గాలి మోకాళ్ళకి తగులుతుంటే ఆవిడ అలాగే నిలబడిపోయింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఆ ఇంట్లో తను ఎటు నడిస్తే అటు తిరిగి చూసిన ప్రాణాన్ని ఆవిడ ఎరగదు. ఎంతో ప్రేమగా పెంచిన టిల్మన్ పాములు కూడా జీవితమంతా ఆవిడని దాటి తారు పోసిన గుట్టనే చూశాయి. ఆవిడ దానికి ఎప్పుడూ బాధపడలేదు. ఇప్పుడు ఏడుపొచ్చింది.

"నాన్నా, నీకు కోపమొస్తే రానీ" అని పైకే అని, ఫ్రీజర్ తలుపు వేసేసింది.

ఇవి బతికితే నిజం దాగదు. దాగనప్పుడు ఇంకొకరి నోటి నుంచి బయటపడేదాకా ఆగడం టిల్మన్ మనిషికి తగదు. ఆ మధ్యాహ్నమే కాగితాలు ముందేసుకుని ఆరుగురికీ ఫోన్ చెయ్యడానికి కూర్చుంది.

అందరికీ ఒకటే మాట. "పాము నిద్రలో ఉంటే ఫ్లోరిడా వైపు నిలబడి చూడండి. ఇప్పుడు డబ్బా చుట్టూ నడిచి రెండో వైపుకి రండి." ప్రతిసారీ ఫోన్‌లో అలికిడి ఆగిపోయేది. అప్పుడు ఉన్న తప్పంతా చెప్పేది. పామును తిప్పి పంపితే మారుగా ఇంట్లో ఉన్న అసలైనది ఇస్తానని, ఉంచుకుంటే మాత్రం పిల్లలు పెట్టించకుండా, ఎర్ర మూత వేసి ఉంచుకోమని అడిగేది. అరిజోనాలో బడి పంతులమ్మ ముందు నవ్వి, తర్వాత ముక్కు చీదుకుంది. ఆరెగన్ ఆయన ఫోన్ బల్ల మీద పెట్టేసి ఇంట్లోవాళ్ళందర్నీ కేకేసి పిలిచాడు. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. మీ నాన్న సమాధిలో దొర్లుతుంటాడన్నాడు. రొవీనా అన్నీ విని, మారు పామును రేపే పంపుతానంది. పావుగంటకి ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు. "మీరు పంపేది పంపండి. దీన్ని మాత్రం తిప్పి పంపను" అని ఠక్కున పెట్టేశాడు.

ఆఖరిది ఒహాయోలో వర్జిల్ ఆస్ట్రాండర్. ఆ పేరు దగ్గర రొవీనా వేలు చాలాసేపు ఆగింది. క్లబ్బుకి పెద్ద. మేలైన రకాల జాబితా ఆయన దగ్గరే ఉంటుంది. ఫ్రీజర్ నియమం రాసింది కూడా ఆయనే. ఎనభై ఒక్క ఏళ్ళు, భార్య పోయింది, మోకాలు సరిగ్గా లేదు. ఆయన కలం తీసి ఒక్క గీత గీస్తే టిల్మన్ అనే పేరు దేశంలో ఉండదు.

"చెప్పండమ్మా. మీ పిల్ల బ్రహ్మాండంగా ఉంది. ఎప్పుడు చూసినా దక్షిణమే. ఎజ్రా చేతి పని మీలో కనిపిస్తోంది."

రొవీనా కాగితాన్ని బోర్లా పెట్టింది. "ఇప్పుడు నిద్రపోతోందాండీ?"

"పోతోంది. నా కుర్చీ దక్షిణంగా వేసుకుని దాని ఎదురుగానే కూర్చున్నాను."

"ఒకసారి లేచి ఉత్తరం వైపుకి నడుస్తారా?"

"ఎందుకు?"

"నడవండి ఆస్ట్రాండర్ గారూ. నా కోసం."

కుర్చీ కిర్రుమంది. చేతికర్ర చెక్క నేల మీద టక్కుమంటూ వెళ్ళింది. ఆగింది. గోడ గడియారం చప్పుడు మాత్రం వినిపించింది, తన ఇంటిదో ఆయన ఇంటిదో.

"ఇది మీ రకం కాదు" అన్నాడు చివరికి.

"కాదండీ. కింగ్‌స్నేక్ కలిసింది. తప్పు నాది. మీ దగ్గరున్నది, ఇంకా అయిదు బయట ఉన్నాయి. అందరికీ చెప్పేశాను."

"జాబితాలోంచి మీ పేరు తీసెయ్యాలి."

"తీసెయ్యండి."

"ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?"

"తొమ్మిది పిల్లలున్నాయి. ఇప్పుడు నా వంకే చూస్తున్నాయి."

"పుస్తకంలో ఏముందో తెలుసుగా."

"తెలుసండీ. ఫ్రీజర్ తలుపు దాకా వెళ్ళాను. చెయ్యలేకపోయాను."

"నేను చేశానమ్మా" అన్నాడు. "చాలా చేశాను. ఊరు లేనివి కదా అనుకున్నాను. ప్రతిసారీ అవి నా వైపే తిరుగుతుంటే..." అక్కడితో ఆపి వేరే సంగతి అడిగాడు. "మీ పెద్ద పాములు గుట్టనే చూస్తున్నాయా? చుట్టూ తిరిగి చూశారా?"

"చూశానండీ. నలభైలో ముప్పై తొమ్మిది కదల్లేదు."

"అయితే ఆ ముప్పై తొమ్మిదీ జాబితాలోనే ఉంటాయి. జోనా వెలి. ఇక మీదట అందరూ చుట్టూ తిరిగే చూడాలని రాస్తాను. ఫ్రీజర్ మాట కొట్టేస్తాను. నేను రాసిందేగా." ఆగి, కాస్త గట్టిగా అన్నాడు, "ఈ పిల్లని మాత్రం నేను పంపను. మారు పాము కూడా వద్దు. మీరు ఫోన్ పెట్టెయ్యకండి, ఒక్క నిమిషం. ఇంకోసారి అటు నుంచి వచ్చి చూస్తాను."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కర్ర కదిలింది, టక్ టక్ మంటూ బల్ల చుట్టూ ఒక చుట్టు, ఇంకో చుట్టు. కుంటి కాలు ఈడుస్తున్న చప్పుడు కూడా తెలుస్తోంది. రొవీనా ఫోన్ చెవికి ఆనించుకుని వింది. అవతల ముసలాయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఇటొచ్చాను. ఇటు. ఆఁ, చూశావా. ఇప్పుడు కిటికీ దగ్గరికి పోతున్నాను. వస్తావా?"

నిమిషం దాటింది, పది నిమిషాలు దాటింది. ఆయన ఫోన్ సంగతి మరిచిపోయాడని రొవీనాకి అర్థమైంది. చప్పుడు చెయ్యకుండా పెట్టేసి, పిల్లలకి నీళ్ళు మార్చడానికి లేచింది.